గురి దూరంగా ఉండాలి

(మన సంఘం క్రిస్మస్ కుటుంబ కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



పసిపిల్లలను విశ్వాసంలో పెంచేటప్పుడు నిత్యత్వం మీద చూపు నిలుపుకోవడం ఎలా అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నాకు ఫోను చేశారు. నేను పాస్టరును కాను. ఇంటర్‌తో చదువు ఆపి, గోల్కొండ ఆర్టిలరీ సెంటర్లో ట్రైనింగ్ పొంది, తోపుల దగ్గర 28 ఏళ్ళు గడిపినవాడిని. అదీగాక ఈ విషయంలో నేను చేసిన తప్పులు తక్కువేమీ కాదు. ఆ మాటే ఆయనతో అన్నాను. "సుబేదార్ గారూ, తప్పు చేసినవాళ్ళు చెబితేనే మా కుర్రాళ్ళు వింటారు, మీరు రండి" అన్నారు. ఆ ధైర్యంతోనే మీ ముందు నిలబడ్డాను.

ఈ హాల్లో అన్ని మతాలవారూ ఉన్నారు. మనం ఒకే లంగర్లో తిన్నవాళ్ళం. సర్వధర్మ స్థలంలో ఒకే కప్పు కింద ఎవరి ప్రార్థన వారు చేసుకున్నవాళ్ళం. నేను నా ఇంటి సంగతి, నా బైబిలు సంగతి చెబుతాను. మిగిలిన వారు మీ ఇంటికి పనికొచ్చేది ఏమైనా ఉంటే తీసుకోండి, లేకపోతే ఇక్కడే వదిలేయండి.

ముందుగా తోపు దగ్గర పనిచేయని వారి కోసం ఒక చిన్న పాఠం చెబుతాను. మేము కొట్టే లక్ష్యం చాలాసార్లు మాకు కనబడదు. కొండ అవతల ఎక్కడో పది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కనబడని దాన్ని కొట్టాలంటే కనబడేది ఒకటి ఆధారం కావాలి. దాన్నే ఎయిమింగ్ పాయింట్ అంటాం. అది గుడి గోపురం కావచ్చు, నీళ్ళ ట్యాంకు కావచ్చు, కొండ కొమ్ము మీద ఒంటి చెట్టు కావచ్చు. తోపు దగ్గర కూర్చున్న లేయర్ డయల్ సైట్లోంచి దాన్ని పట్టుకుని, అక్కడి నుంచి చెప్పిన కోణం కొలిచి తోపును తిప్పుతాడు. ఒక్కొక్క రౌండు పేలేటప్పుడు తోపు నేలలో కాస్త కదులుతుంది. ఎంత గట్టిగా పాతినా కదులుతుంది. అర మీటరు పక్కకు జరిగిందనుకోండి. ఎయిమింగ్ పాయింట్ 50 మీటర్ల దగ్గరే ఉంటే, పది కిలోమీటర్ల అవతల గుండు దాదాపు 100 మీటర్లు పక్కన పడుతుంది. అదే రెండు కిలోమీటర్ల దూరంలో ఉంటే ఆ తేడా రెండున్నర మీటర్లే. "తోపు కదలకుండా నువ్వు ఆపలేవు, గురి మాత్రం దూరంగా పెట్టుకో" అని మా ఉస్తాద్ మాకు నూరిపోసేవారు.

నేను రిటైరయ్యాక ఒక రోజు బైబిల్లో కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 4వ అధ్యాయం చదువుతుంటే మా ఉస్తాద్ గుర్తుకొచ్చారు. పౌలు ఎన్నో దెబ్బలు తిన్నవాడు. ఆయన కళ్ళ ముందు కనబడే వాటి మీద గురి పెట్టుకోలేదు, కనబడని వాటి మీద పెట్టుకున్నాడు. ఎందుకంటే కనబడేవి కొంతకాలమే ఉంటాయి. అలాగే హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో అబ్రాహాము గుడారాల్లో కాపురం చేస్తూనే దేవుడు కట్టిన పట్టణం కోసం ఎదురుచూశాడని ఉంది. గుడారాల్లో కాపురం అంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కరలేదు.

ఫౌజీ సంసారం కూడా కదిలే తోపు లాంటిదే. రెండు మూడేళ్ళకోసారి పోస్టింగు. నల్ల ట్రంకు పెట్టెల మీద పాత అడ్రసు కొట్టేసి కొత్త అడ్రసు రాయడం. మా పెద్దవాడు పదో తరగతి లోపల ఐదు స్కూళ్ళు మారాడు. ఒకచోట హిందీ రాక వెనకబడ్డాడు, ఇంకోచోట లెక్కల సిలబస్ వేరని వెనకబడ్డాడు. ప్రతిసారీ నేను దగ్గరి గురి ఒకటి పెట్టుకునేవాడిని. ఈ యూనిట్ టెస్టులో ర్యాంకు రావాలి. పక్క క్వార్టర్ హవల్దార్ కొడుకును దాటాలి. సైనిక్ స్కూలు పరీక్ష పాసవ్వాలి. మార్కులు వద్దని నేను అనడం లేదు. ట్యూషన్ ఫీజు నేనూ కట్టాను. అయితే ఇప్పుడా ప్రోగ్రెస్ కార్డులు ఏ పెట్టెలో ఉన్నాయో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. ఆ కార్డు చూసిన రోజు నేను వాడితో అన్న మాట మాత్రం వాడికి నేటికీ గుర్తుంది.

మా విశ్వాసం ప్రకారం మన చేతిలో పెట్టిన ఈ బిడ్డ, వాడి పదో తరగతి కంటే, ఉద్యోగం కంటే, మన పెన్షన్ కంటే, చివరకు ఈ భూమి కంటే ఎక్కువ కాలం ఉంటాడు. నిత్యత్వం అంటే నాకు అర్థమైనది ఇదే. అలాగని ఆకాశంలోకి చూస్తూ పొయ్యి మీద అన్నం మాడ్చుకోమని కాదు. బిడ్డ ఎల్లకాలం ఉండేవాడైతే, ఈ సాయంత్రం వాడితో గడిపే పది నిమిషాలకు కూడా విలువ పెరుగుతుంది. వాడి లెక్కల మార్కుకు మాత్రం దాని విలువ దానికి ఉంటుంది, అంతే.

ఇక ఆ సాయంత్రాలు మనకు ఎన్ని ఉంటాయో లెక్క చూద్దాం. బిడ్డ పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళు నిండేదాకా ఏడాదికి 52 చొప్పున 936 ఆదివారాలు. ఇంటి దగ్గర ఉద్యోగం చేసుకునే తండ్రికి దాదాపు అవన్నీ దక్కుతాయి. మనకు ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు. ఫీల్డులో ఉన్నప్పుడు బిడ్డ ముఖం చూసేది ఆ తొంభై రోజులే. అందులోనూ ఇల్లు రిపేరు, పొలం తగాదా, చుట్టాల పెళ్ళిళ్ళు. నేను ఇంటికొచ్చాక పాత కాగితాలు ముందేసుకుని లెక్క కట్టాను. ఆ 936లో మా పెద్దవాడి పక్కన నేను కూర్చున్న ఆదివారాలు 400 దాటలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కీర్తనల్లో తొంభయ్యవది మోషే ప్రార్థన అంటారు. మా రోజులు మాకు లెక్కించడం నేర్పమని ఆయన దేవుణ్ణి అడిగాడు. ఆ లెక్క నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మీలో చిన్న వయసు వాళ్ళు ఈ రాత్రే కట్టుకోండి.

రోజులు తక్కువని దిగులు పడమని చెప్పడం లేదు. మోషే తల్లి సంగతి చూడండి. ఫరో కుమార్తె దగ్గర జీతం తీసుకుని తన బిడ్డకే తాను పాలిచ్చింది. పాలు మరిచేదాకా ఉన్న ఆ కొద్ది కాలమే ఆమెది. తరువాత బిడ్డను రాజు ఇంట్లో అప్పజెప్పింది. నలభై ఏళ్ళు వచ్చాక మోషే ఎవరి పక్షాన నిలబడ్డాడో మనకు తెలుసు. ఆమె ఆ కొద్ది రోజుల్లో ఏమి నేర్పిందో బైబిల్లో రాయలేదు. చార్జి మీద ఉన్నంత కాలం చూసుకుంది, సమయం రాగానే అప్పజెప్పింది. బిడ్డ అసలు యజమాని ఎవరో ఆమెకు తెలుసు.

ఇప్పుడు మా ఇంటి సంగతికి వస్తాను. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగింది. ఆ నెలలోనే ఆపరేషన్ పరాక్రమ్ మొదలైంది. మా రెజిమెంటు రాజస్థాన్ సరిహద్దుకు కదిలింది. భార్యాపిల్లలు పీస్ స్టేషన్ క్వార్టర్లోనే ఉండిపోయారు. బాబుకు ఏడేళ్ళు, పాపకు మూడేళ్ళు. 2002 అక్టోబరులో వెనక్కి రమ్మనే నిర్ణయం వచ్చేదాకా అక్కడే ఉన్నాం. అప్పట్లో మన జేబుల్లో ఫోన్లు లేవు. 56 ఏ.పి.ఓ. అడ్రసుకు వచ్చే ఇన్‌లాండ్ లెటరే మాకు ప్రాణం.

ఆ రోజుల్లో యుద్ధం జరగకుండానే, మందుపాతరలు వేసేటప్పుడు, తీసేటప్పుడు మనవాళ్ళు ఎందరో పోయారు. మా క్వార్టర్ల వరుసలో ఉన్న వేరే యూనిట్ జవాను ఒకరు అలాగే పోయారు. ఆయన కొడుకూ మా వాడూ రోజూ సాయంత్రం కలిసి క్రికెట్ ఆడేవారు. జెండా కప్పిన పెట్టె వాళ్ళ ఊరికి పోయింది, నాలుగు రోజులకు ఆ క్వార్టర్ ఖాళీ అయింది. ఆ రాత్రి మా వాడు వాళ్ళమ్మను అడిగాడట: "అమ్మా, నాన్న కూడా పెట్టెలోనే వస్తాడా?"

నా భార్య పదో తరగతి వరకు చదివింది. ఆ రాత్రి తానేమి చెప్పిందో నాకు ఉత్తరంలో రాసింది. "నాన్న తప్పకుండా వస్తాడు అని చెప్పబోయానండీ, నోరు రాలేదు. రేపు ఏమవుతుందో నాకు తెలియకుండా బిడ్డకు ఎట్లా మాటిచ్చేది? నాన్న క్షేమంగా రావాలని రోజూ దేవుణ్ణి అడుగుదాం, వస్తాడో రాడో అమ్మకు తెలియదు, వచ్చినా రాకపోయినా దేవుడు మనల్ని వదిలిపెట్టడు, నాన్ననూ వదిలిపెట్టడు అని చెప్పాను. మిమ్మల్ని అడగకుండా చెప్పాను. తప్పయితే ఏమీ అనుకోవద్దు." ఉత్తరం అడుగున మా వాడు పెన్సిలుతో రెండు ముక్కలు రాశాడు. "నాన్నా, నీ కోసం ప్రార్థన చేస్తున్నా. నువ్వు అన్నం తిను."

బంకర్లో టార్చి వెలుతురులో ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. నేనైతే "ఏం కాదురా, నీ నాన్న ఫౌజీ" అని మీసం మెలేసేవాడిని. ఆమె అబద్ధం చెప్పలేదు, భయపెట్టనూ లేదు. ఏడేళ్ళ బిడ్డ మోయగలిగినంత నిజాన్ని, వాడు ఆనుకోవడానికి ఒక గట్టి గోడను ఇచ్చింది. నిత్యత్వం గురించి నేను విన్న ప్రసంగాలన్నిటిలో నాకు అదే పెద్దది.

తీరా నేను క్షేమంగా ఇంటికి వచ్చి ఏం చేశానో చెబుతాను. ఇల్లంతా నా కమాండ్‌లోకి తీసుకున్నాను. ప్రాణాలతో తిరిగి వచ్చినందుకు దేవునికి కృతజ్ఞతగా పిల్లలను భక్తిలో గట్టిగా పెంచాలని పట్టుదల పెరిగింది. సాయంత్రం ఏడున్నరకు కుటుంబ ప్రార్థన. రెండు నిమిషాలు ఆలస్యమైతే గుమ్మం బయట నిలబడాలి. ఆదివారం కంఠత వాక్యం అప్పజెప్పకపోతే టీవీ లేదు, ఒక్కోసారి అన్నం కూడా లేదు. ప్రార్థన అనేది మా ఇంట్లో రోల్ కాల్ అయిపోయింది. నేను ఫీల్డుకు పోయినప్పుడు ఆమె పద్ధతి, వచ్చినప్పుడు నా పద్ధతి. ఇలా నాలుగైదేళ్ళు నడిచింది.

2007లో, బాబుకు పదమూడేళ్ళప్పుడు, మా క్వార్టర్లో ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. స్టేషన్ పాద్రీ సాబ్ వచ్చారు, నాలుగు కుటుంబాలు వచ్చాయి. నేను గొప్పగా మా వాడిని పిలిచి ఒక కీర్తన మొత్తం చెప్పమన్నాను. వాడికి వచ్చు. మధ్యలో తడబడ్డాడు, మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ ఆగిపోయాడు. నేను అందరి ముందూ "సిగ్గు లేదురా నీకు" అన్నాను. పాద్రీ సాబే నన్ను వారించారు.

అందరూ వెళ్ళాక వాడు నా ముందు నిలబడి అన్న మాట ఇది: "నాన్నా, ప్రార్థనలో నేను కళ్ళు మూసుకునేది దేవుడికి భయపడి కాదు, నీకు భయపడి. నువ్వు ఫీల్డుకు పోతే దేవుడు కూడా చుట్టీ మీద పోయినట్టు నాకు హాయిగా ఉంటుంది. నాకు బాప్తిస్మం వద్దు." చెయ్యి ఎత్తాను. వాళ్ళమ్మ అడ్డం వచ్చింది కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రం నా గురి ఎక్కడుందో తరువాత ఆలోచించుకున్నాను. దేవుని మీదా లేదు, బిడ్డ మీదా లేదు. పాద్రీ సాబ్ నా గురించి ఏమనుకుంటారు, లైన్లో నా పేరేమవుతుంది అన్న దాని మీద ఉంది. చాలా దగ్గరి ఎయిమింగ్ పాయింట్ అది. వాడు కాస్త తడబడగానే నా గుండు వంద మీటర్లు పక్కన పడింది. పడింది కూడా నా బిడ్డ మీద.

మా బాప్టిస్టు సంఘాలలో పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వరు. బిడ్డను దేవునికి ప్రతిష్ఠిస్తారు, తెలివి వచ్చాక తానే విశ్వసించి అడగాలి. మిగతా సంఘాలు కొన్నిటిలో చిన్నప్పుడే ఇచ్చి, ఎదిగాక కన్ఫర్మేషన్ చేస్తారు. ఏ పద్ధతిలోనైనా ఒక రోజు బిడ్డ తన నోటితో తాను చెప్పాలి. ఆ మాట తండ్రి ఆర్డరిస్తే వచ్చేది కాదు. ఆర్డరు మీద డ్రిల్లు వస్తుంది, విశ్వాసం రాదు.

ఈ బుద్ధి నాకు చెప్పింది మా అమ్మ. ఆ ఏడాది చుట్టీలో ఒంగోలు దగ్గరి మా ఊరికి వెళ్ళి వరండాలో కూర్చుని మొత్తం చెప్పాను. ఆమెకు సంతకం తప్ప చదువు రాదు. అంతా విని, "కరువు నాడు క్లౌ దొర ఆగాడు కదరా, నువ్వు నీ కొడుకు కోసం ఆగలేవా?" అంది.

మా ప్రాంతం వాళ్ళకు తెలిసిన కథే, మిగతావారి కోసం చెబుతాను. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిన ఘోరమైన కరువు వచ్చింది. ఒంగోలులో జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ బకింగ్‌హాం కాలువలో ఒక భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో మాడుతున్న వేలమందికి కూలి పని చూపించారు. ఎక్కువమంది మాదిగ పల్లెల నుంచి వచ్చిన పేదలు. బాప్తిస్మం ఇమ్మని చాలామంది అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారనే మాట ఉండకూడదని, కరువు సాయం నడిచినంత కాలం ఆగారు. సాయం పని ముగిశాక కూడా జనం వస్తూనే ఉంటే అప్పుడు మొదలుపెట్టారు. 1878 జూలై 3న ఒక్క రోజే గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో మా ముత్తాతగారి తండ్రి ఒకరని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఊరూపేరూ తెలియని వాళ్ళ విషయంలో, అన్నం కోసం వచ్చే విశ్వాసం వద్దని ఆ దొర ఆగాడు. నేనేమో భయంతో వచ్చే విశ్వాసాన్ని సొంత కొడుకు దగ్గర గుంజుకుంటున్నాను. మా అమ్మ మాట నాకు సూటిగా తగిలింది.

డ్యూటీకి తిరిగి వెళ్ళాక ఒక ఆదివారం వాడిని స్కూటరు మీద చెరువు గట్టుకు తీసుకెళ్ళాను. "నాన్నా, నేను తప్పు చేశాను, నన్ను క్షమించు" అన్నాను. అప్పటికి ఇరవై ఏళ్ళ సర్వీసు దగ్గర పడుతోంది. ఆఫీసరు సాబ్‌లకు తప్ప ఎవరికీ సారీ చెప్పిన నోరు కాదు. వాడు నన్ను కావలించుకుంటాడని అనుకున్నాను. అలాంటిదేమీ జరగలేదు. "సరేలే, ఇంటికి పోదాం" అన్నాడు. అయితే ఆ రాత్రి ప్రార్థనకు పిలవకుండానే వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు మూసుకోలేదు. నేనేమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నేర్చుకోవడానికి నాకు అంత కాలం పట్టింది.

చిన్న పిల్లలున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ అనుభవం నుంచి కొన్ని మాటలు చెబుతాను.

మొదటిది. బిడ్డ మూడు నాలుగేళ్ళ వాడైతే పది నిమిషాలు చాలు. ఒక కథ, ఒక కృతజ్ఞత, ఒక మనవి. యేసు ప్రభువు పిల్లలను దగ్గరికి రానిచ్చి ఎత్తుకున్నాడు, వారికి పరీక్ష పెట్టలేదు. ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయంలో మోషే తల్లిదండ్రులకు ఇచ్చిన టైంటేబులు చూడండి. అందులో క్లాసురూము లేదు. ఇల్లు, దారి, పడక, నిద్రలేచే వేళ, ఇవే ఉన్నాయి. క్యాంటీను క్యూలో నిలబడినప్పుడు మీరు ముందుకు దూరారా, ఆగారా అన్నది కూడా వాడికి పాఠమే.

రెండవది. మీరు తప్పు చేసినప్పుడు బిడ్డ ముందే ఒప్పుకోండి. క్షమాపణ అనే మాటను వాడు చర్చిలో వింటాడు. అది ఎలా ఉంటుందో ఇంట్లో చూడాలి.

మూడవది. చందా పళ్ళెంలో వేసే రూపాయి వాడి చేతితో వేయించండి. క్రిస్మస్‌కు రెండు జతలు కొనగలిగితే, ఒకటి మీ లైన్లు ఊడ్చే మనిషి బిడ్డకు వాడి చేతే ఇప్పించండి. చేతిలోంచి వదలడం చిన్నప్పుడే అలవాటు కావాలి.

నాల్గవది. చావు గురించి అడిగితే మాట మార్చకండి. మన ఉద్యోగంలో ఆ ప్రశ్న మిగతా ఇళ్ళ కంటే ముందే వస్తుంది. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి, ఎవరిని నమ్ముకున్నామో చెప్పండి. సమాధి తోటకు వెళ్ళినప్పుడు బిడ్డనూ తీసుకెళ్ళండి.

ఐదవది, మగవాళ్ళకు. చుట్టీ మీద ఇంటికి వెళ్ళగానే కమాండ్ తీసుకోకండి. మీరు లేని పది నెలలు ఆ ఇల్లాలు ఒక పద్ధతి నిలబెట్టింది. మొదటి వారం ఆమె చేసే ప్రార్థనలో మీరూ ఒక పిల్లవాడిలా కూర్చోండి. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని తప్ప ఆయన గురించి బైబిల్లో వేరే మాట లేదు. వాడి విశ్వాసానికి మూలం అమ్మమ్మ లోయి, తల్లి యునీకే అని పౌలు పేర్లతో సహా రాశాడు. ఒంటరిగా పిల్లలను సాకుతున్న మన ఆడపడుచులు ఆ రెండు పేర్లూ గుర్తు పెట్టుకోవాలి. ఇప్పుడు మా రోజుల్లా ఇన్‌లాండ్ లెటరు కోసం చూడనక్కరలేదు. అనుమతి ఉన్నచోట, సిగ్నల్ ఉన్నచోట ఐదు నిమిషాలు వీడియో కాల్‌లో బిడ్డ ప్రార్థన వినండి. మీరు చెప్పకండి, వాడిని చెప్పనివ్వండి.

ఆరవది. మన విశ్వాసం నేర్పడానికి పక్కవాడి విశ్వాసాన్ని తక్కువ చేయనక్కరలేదు. మా బాబుకు తీవ్రంగా జ్వరం వచ్చిన రాత్రి, నేను ఎక్సర్‌సైజులో ఉంటే, వాడిని భుజాన వేసుకుని ఎం.ఐ. రూముకు పరిగెత్తింది పక్క క్వార్టర్ సర్దార్జీ. మా ప్రార్థనలో ఆయన పేరు ఇప్పటికీ ఉంటుంది.

ఇక మా పిల్లల సంగతి చెప్పి ముగిస్తాను. మా అమ్మాయి పదహారేళ్ళప్పుడు, 2014లో, తానే పాస్టరు గారి దగ్గరకు వెళ్ళి అడిగి బాప్తిస్మం తీసుకుంది. అబ్బాయి పూణెలో ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్ళయింది, నాలుగేళ్ళ పాప ఉంది. వాడు ఇంతవరకు బాప్తిస్మం తీసుకోలేదు. చర్చికి ఒక వారం వెళతాడు, రెండు వారాలు వెళ్ళడు. ఈ మాట ఈ వేదిక మీద చెప్పడం నాకు తేలిక కాదు. సాక్ష్యం చెప్పేవాళ్ళు చివర్లో అంతా శుభమని చెబుతారు. నా దగ్గర ఆ ముగింపు ఇంకా లేదు. నేను అడగడం మానేశాను, ప్రార్థించడం మానలేదు.

మొన్న వానాకాలంలో ఒక రాత్రి పదకొండు దాటాక ఫోను వచ్చింది. "నాన్నా, పాపకు జ్వరం, నిద్ర పోవడం లేదు. చిన్నప్పుడు మా నుదుటి మీద చెయ్యి పెట్టి అమ్మ ఏదో ప్రార్థన చేసేది కదా, ఆ మాటలేంటి? ఒకసారి అమ్మకివ్వు" అన్నాడు. నేను నేర్పిన కంఠత వాక్యాల గురించి అడగలేదు. నేను ఫోను వాళ్ళమ్మకు ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఆమె ఒక్కొక్క మాటా చెబుతుంటే, అవతల వాడు తన బిడ్డ నుదుటి మీద చెయ్యి పెట్టి అవే మాటలు మెల్లగా అనడం నాకు వినబడింది.

కీర్తనలు 127లో పిల్లలను యోధుడి చేతిలోని బాణాలతో పోల్చారు. మనం ఫౌజీలం, మనకు తెలుసు. బాణం అమ్ములపొదిలో దాచుకోవడానికి కాదు, ఒక రోజు వదలడానికి. వదిలాక వెనక్కి పిలవలేం. చేతిలో ఉన్నంతసేపే గురి చూసుకోవాలి. మిగతాది ఆ లక్ష్యాన్ని మనకంటే బాగా చూడగలిగిన వాడి చేతిలో ఉంటుంది.

అందుకని నా తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, పోస్టింగులు మారతాయి, స్కూళ్ళు మారతాయి, మనమూ తడబడతాం. గురి మాత్రం దూరంగా పెట్టుకోండి. ఇంటికి వెళ్ళాక ఈ రాత్రి పది నిమిషాలు బిడ్డ పక్కన కూర్చోండి.

ముందు వరుసలోని పిల్లలు నా మీద కోపంగా ఉన్నారు, కేకు కోయించండి. అందరికీ క్రిస్మస్ శుభాకాంక్షలు. దేవుడు మిమ్మల్నీ మీ పిల్లలనూ దీవించును గాక. జై హింద్.